మడిలో మాణిక్యము

తొలకరి వానలు కురియగానే కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతములలో ఒక వింత తిరునాళ్ల మొదలగును. ఎక్కడెక్కడి నుండియో జనులు మూటాముల్లె కట్టుకొని వచ్చి, చెట్ల క్రింద వంట చేసికొని, తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకు వరకు తలలు వంచుకొని చేలలో తిరుగుచుందురు. వారు వెదకునది వజ్రములు. వాన దెబ్బకు పైమట్టి కొట్టుకొనిపోయి రాళ్లు తేలును. ఆ రాళ్లలో ఎప్పుడో ఒకటి వజ్రమగును. దొరికినవాని మాట ఊరూరా ప్రాకును. దొరకక తిరుగుముఖము పట్టిన వందలమంది మాట ఎవరును ఎత్తరు. ఆ చేను దున్నుకొను రైతు మాత్రము, విత్తిన సాళ్లు త్రొక్కుడు పడుచున్నవని గట్టు మీద కాపలా కాయుచుండును.

ఇట్లు అనుకోని చోట దొరికిన విలువగల వస్తువును మనము మట్టిలో మాణిక్యమందుము. ఇంగ్లీషువారు సాన పట్టని వజ్రమందురు. రెండును ఒకే మాటవలె తోచును గాని కొంచెము నిలిచి చూచినచో తేడా తెలియును. మన మాట ఆ వస్తువు ఎక్కడ పడియున్నదో చెప్పును. వారి మాట దానికి ఇంకను జరుగవలసిన పని ఎంతయున్నదో చెప్పును. సేద్యము చేయువాడు ఈ రెండును ఎరిగియుండవలెను.

రైతు సోదరులారా! వజ్రముల కొరకు పరుల చేలు త్రొక్కనక్కరలేకుండ మీ వరి మడిలోనే దొరుకగల మాణిక్యమొకటి కలదు. అది ఒక వింత వెన్ను. ఇది వట్టి మాట కాదనుటకు మన పొరుగుననే జరిగిన సంగతి చెప్పెదను.

మూడు వెన్నుల కథ

మన ఆదిలాబాదును ఆనుకొని మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా యున్నది. ఆ జిల్లాలోని నాగ్‌భీడ్ తాలూకాలో నాందేడ్ అను చిన్న పల్లె కలదు. గోదావరి ఒడ్డునున్న పెద్ద నాందేడ్ పట్టణము వేరు. ఈ పల్లెలో దాదాజీ రామాజీ ఖోబ్రాగడే అను రైతు ఉండెడివారు. ఆయనకున్న భూమి ఎకరమున్నర. చదువు మూడవ తరగతితో ఆగినది. 1983లో ఆయన పటేల్-3 అను వరి రకమును వేసి, పొలము చూచుకొనుచుండగా మూడు వెన్నులు తక్కిన పైరుతో కలియక పసుపు వన్నెతో వేరుగా కనబడినవి.

అట్టి వెన్నులు ఆయనకు ముందును ఎందరి కంటనో పడియుండును. పడినను కోతలో కలిసిపోయియుండును. ఈయన వాటిని విడిగా కోసి దాచి, మరుసటి సాలున విడిగా విత్తి పెంచినారు. వచ్చిన గింజను మరల ఏరి మరల వేసినారు. ఇట్లు కొన్నియేండ్లు గడచిన పిమ్మట సన్నని గింజ, మంచి దిగుబడి, తినుటకు రుచి గల వరి ఒకటి నిలిచినది. అడిగినవారికి విత్తనమిచ్చినారు. 1990 ప్రాంతమున అదే ఊరి పెద్ద రైతు ఒకరు ఈ వరిని కొన్ని ఎకరములలో వేసి అంగడికి తోలగా, ధాన్యము కొన్న వర్తకుడు పేరేమని అడిగెను. ఆ వరికి అప్పటికి పేరు లేదు. ఆ కాలమున అందరి చేతులకు ఉన్న గడియారము హెచ్.ఎం.టి. కనుక ఆ పేరే పెట్టివేసిరి. నేడు తెలంగాణలోని బియ్యపు దుకాణములలో మీరు అడిగి కొనుచున్న హెచ్.ఎం.టి. సన్నముల వెనుక కథ ఇది.

1998లో అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయము దానిని శుద్ధి చేసి పి.కె.వి. హెచ్.ఎం.టి. అను పేరున విడుదల చేసినది. 2005లో ఖోబ్రాగడే గారికి జాతీయ నవకల్పన ప్రతిష్ఠానము బహుమతి ఇచ్చినది. ఆయన మరికొన్ని వరి రకములను కూడ ఇట్లే ఏరి తీసిరి. ఆ వరి వలన లాభపడినవారు లెక్కకు అందరు. ఆయన మాత్రము 2018 జూన్‌లో కన్నుమూయు వరకు పేదరైతుగనే ఉండిరి. ఎందుకట్లు జరిగినదో, అట్లు మీకు జరుగకుండ ఏమి చేయవలెనో వ్యాసము చివర చెప్పెదను. ముందుగా వెన్ను సంగతి చూతము.

మీ అన్నములోనున్న పాత వెన్ను

ఇది ఒక్క నాందేడ్ పల్లెలో జరిగిన అద్భుతమని తలంపవలదు. కోయంబత్తూరు పరిశోధనా స్థానములో కోనామణి అను వరి మధ్య తనంతట తాను పుట్టిన ఒక మార్పు మొక్కను అక్కడివారు గమనించి, వేరుచేసి, పెంచి, 1921లో జి.ఇ.బి. 24 అను పేరున రైతులకిచ్చిరి. సన్నని గింజకు అది పేరుపొందినది. అట్లే తైవాను దీవిలో డీ-జియో-వూ-జెన్ అను ఒక పొట్టి వరి ఉండెడిది. పొట్టిగానుండుట తప్ప చూపులకు దానిలో గొప్ప ఏమియు లేదు. కాని ఎరువు వేసినను పడిపోని గుణము ఆ పొట్టితనములోనే ఉన్నది. దాని సంతానమే 1956లో అక్కడ విడుదలైన తైచుంగ్ నేటివ్-1. ఫిలిప్పీన్స్‌లో 1966లో వచ్చిన ఐ.ఆర్. 8 కూడ దాని సంతానమే.

ఈ కోయంబత్తూరు సన్నవరిని, తైవాను పొట్టివరిని, మలేషియాలో 1965లో విడుదలైన మసూరిని సంకరము చేసి బాపట్లలో తీసిన రకము బి.పి.టి. 5204. 1986లో విడుదలైన ఈ సాంబ మసూరిని తెలియని తెలుగువారుందురా! అనగా మీ కంచములోని మెతుకులో ఎప్పుడో ఎవరో కోతలో కలిపివేయక ప్రక్కకు తీసిన మొక్కలున్నవి.

సాంబ మసూరికి ఎండాకు తెగులు తగులుట పెద్ద లోపము. ఆ లోపమును తీర్చుటకు హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థవారును, సి.సి.ఎం.బి.వారును కలిసి తెగులును తట్టుకొను మూడు జన్యువులను దానిలోనికి తెచ్చి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసిరి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుండి వచ్చినది. గింజ రాలిపోయి, తినుటకు పనికిరాని గడ్డి అది. ఎవరైనను దానిని కలుపు అనియే అందురు.

కేళీయా? కొత్త రకమా?

ఇక మీ మడికి వత్తము. పైరు ఈనిన పిమ్మట గట్టు మీద నిలిచి చూచినచో అక్కడక్కడ తలలెత్తియున్న మొక్కలు కనబడును. వీటిని మనము కేళీలందుము. వెనుకటి నుండియు మేము చెప్పుచున్నదేమనగా, కేళీలను కనబడగానే పెరికివేయుడని. ఆ మాట నేడును మార్చుట లేదు. మీ మడిలోని కేళీలలో మిక్కిలి భాగము మాణిక్యములు కావు. కళ్లములో కలిసిన పొరుగు రకపు గింజలు, వరికోత యంత్రములో మిగిలిపోయి వచ్చిన గింజలు, పోయిన పంటలో రాలి మొలచినవి, ఇవే ఎక్కువ. గింజ కొనకు పొడుగాటి ముల్లుండి, పండక ముందే రాలిపోయి, ఒలిచి చూడగా బియ్యము ఎర్రగానున్నచో అది అడవి వరి జాతి బెరకు. ఒక్కదానిని వదలినను మూడేండ్లలో మడినంతయు ఆక్రమించును. దానిపై జాలి వలదు.

రెండవ రకము కేళీలు సహజ సంకరము వలన పుట్టును. వరిలో పుప్పొడి తన పూవులోనే రాలును గనుక ఈ సంకరము నూటికి ఒకటి కూడ ఉండదు. అయినను మడిలో లక్షల పూవులుండును గదా! మూడవది, విత్తనములోని గుణమే తనంతట మారుట. ఇది అన్నిటికన్న అరుదు. మీరు వెదకవలసినవి ఈ రెండు.

ఎట్లు గుర్తించుట? వింతమొక్క వంటిదే మడిలో పది చోట్ల ఉన్నచో అది బెరకు. ఇరుగుపొరుగు మడులను చూచిరండు, దాని పేరు తెలిసిపోవును. ఒక్క దుబ్బే వేరుగానున్నచో నిలిచి చూడవలసినది. అప్పుడును తొందరపడరాదు. గట్టు ప్రక్కన, నాటు తప్పిన ఖాళీ ప్రక్కన, పెంటకుప్ప పోసిన చోట ఉన్న దుబ్బు ఎప్పుడును బలిసియుండును. ముప్పది పిలకలు వేసినను అది నేల బలము, సంతానమునకు రాదు. చుట్టునున్న దుబ్బుల వంటి నేలలోనే, అంతే ఎడములోనే ఉండి, వానికన్న వేరుగానున్నదే గమనింపదగినది. పైరంతయు గాలివానకు పడిపోగా నిలిచినది, సుడిదోమకు చుట్టు ప్రక్కలన్నియు మాడిపోగా పచ్చగా మిగిలినది, పది దినములు ముందుగా పండినది, నీటి ఎద్దడిలో తాలు లేక పాలు పోసికొన్నది, ఇట్టివి కంటికింపైన పొడుగు వెన్నుకన్న విలువైనవి.

ఇక్కడ ఒక మాట. మడిలో అంగుళమంగుళము చూచువారు యజమానులు కారు, నాటు వేసి కలుపు తీయు స్త్రీలు. ఏ దుబ్బు వింతగానున్నదో ముందుగా ఎరుగునది వారే. గట్టు మీద గొడుగు పట్టుకొని నిలిచినవానికి అది కనబడదు. కలుపుకు వచ్చినవారిని అడుగుడు. గుర్తుగా ఒక గుడ్డపేలిక కట్టుమని చెప్పుడు.

మీ మడి విత్తనపు పంటకై పెంచుచున్నదైనచో వింతదుబ్బును అక్కడ ఉంచరాదు. మట్టిబెడ్డతో సహా తవ్వి తీసి పెరటిలో తడి చోట నాటుడు. వరి దుబ్బు అట్లు మార్చినను బ్రతుకును.

సాన పట్టుట

వెన్నులు పూర్తిగా పండిన పిమ్మట విడివిడిగా కోయుడు. ఆరబెట్టి, ఒక్కొక్క వెన్నును ఒక్కొక్క కాగితపు పొట్లములో పెట్టి, ఏ రకము మడిలో, ఏ తేదీన, ఏ సర్వే నంబరులో దొరికినదో పొట్లము మీద వ్రాయుడు. అన్నియు కలిపి ఒక డబ్బాలో పోసినచో తరువాతి పని అంతయు చెడును.

మరుసటి పంటకు ఒక్కొక్క వెన్ను గింజలను ఒక్కొక్క వరుసగా నారు పోసి, కుదురునకు ఒక్క మొక్క చొప్పున నాటుడు. రెండు ప్రక్కలను పాత రకమును నాటుడు. ఇది లేనిచో పోల్చి చూచుటకు ఆధారము ఉండదు. ఈ పంటలోనే అసలు రహస్యము బయటపడును. ఒక వెన్ను సంతానమంతయు ఒకే తీరుగనున్నచో గుణము స్థిరపడినదని అర్థము. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, కొన్ని ముందు, కొన్ని వెనుకగా విడిపోయినచో అది సంకరము. నిరాశ వలదు. వానిలో మీకు కావలసిన గుణమున్న మొక్కలను మాత్రము ఏరి, మరల వరుసలుగా వేయవలెను. స్థిరపడని భాగము ప్రతి తరమునకు సగము తగ్గుచు వచ్చును గనుక ఆరేడు తరములకు దాదాపు ఒకే తీరునకు వచ్చును. ఏటికి రెండు పంటలు పండించువారికి ఇది మూడు నాలుగేండ్ల పని.

ఇందులకు భూమి ఎంత కావలెనని అడుగుదురు. లెక్క చూడుడు. మూడు వెన్నులకు వెన్నుకు 150 గింజల చొప్పున 450 గింజలు. మొలక తప్పినవి పోగా 300 మొక్కలు నిలిచినవనుకొనుడు. 20 సెంటీమీటర్లు వరుసకు, 15 సెంటీమీటర్లు మొక్కకు ఎడమిచ్చి నాటినచో 9 చదరపు మీటర్లు చాలును. అనగా పావు సెంటు కన్న తక్కువ. నాలుగైదు మంచములు వాల్చినంత చోటు! ఆ చోటున నాలుగు కిలోల పైచిలుకు ధాన్యము రాగలదు. ఒక్కొక్క మొక్కగా నాటు శ్రీ పద్ధతిలో ఎకరమునకు రెండు కిలోల విత్తనమే చాలును గనుక ఆ తరువాతి పంటకు రెండెకరములు నిండును.

ఇక్కడనే చాలమంది తప్పటడుగు వేయుదురు. రెండెకరములు నిండగనే కొత్త రకము కనుగొంటిమని ఊరంతయు పంచుట మొదలుపెట్టుదురు. ఒక ఏడు బాగుగ పండి రెండవ ఏడు అగ్గితెగులుకు మాడినచో, పంచినవాడు ఊరిలో తలయెత్తుకొని తిరుగలేడు. నాలుగు బస్తాల అప్పు చేసి ఆ విత్తనము వేసిన చిన్న రైతు గతి యేమి? కనీసము మూడు పంటలు, ఒకే మడిలో మూడు చోట్ల, పాత రకము ప్రక్కనే, అదే ఎరువు, అదే నీరు పెట్టి చూడుడు. మూడు చోట్లను ఐదు మీటర్లకు ఐదు మీటర్ల చతురము కొలిచి కోసి తూచుడు. గ్రామాధికారులు పంటకోత ప్రయోగములలో చేయునది ఇదే గనుక వారి సాయము అడుగుడు. గింజను మరలో ఆడించి నూక ఎంతయో చూడుడు. వెంటనే ఒకసారి, ఆరు నెలలు నిలువయుంచి ఒకసారి వండి చూడుడు. పొలములో గెలిచి పొయ్యి మీద ఓడిన రకములు నేను చాల చూచితిని.

వరి, వేరుసెనగ, పెసర వంటి పైరులకే ఈ పద్ధతి. మొక్కజొన్న, సజ్జ, ప్రొద్దుతిరుగుడులలో పరపుప్పొడి విరివిగా కలియును. కందిలోను తేనెటీగలు కొంత సంకరము చేయును. వానిలో పూతకు ముందే సంచి తొడుగక మంచిమొక్కను ఏరినచో ఫలము ఉండదు. సంకర విత్తనము కొని వేసిన మిరపలో, ప్రత్తిలో తీసిన గింజలు ఎటులను చెదరిపోవును. ద్రాక్ష, మామిడి, నిమ్మ వంటి తోటలలో మాత్రము పని సులువు. అక్కడ ఒక్క కొమ్మ వేరుగ కాచినను ఆ కొమ్మనే కోసి నాటిగాని అంటుకట్టిగాని నిలుపవచ్చును. మహారాష్ట్రలో తాస్‌గావ్ ప్రాంతపు రైతు థాంప్సన్ ద్రాక్ష నుండి ఇట్లు ఏరి నిలిపినదే తాస్-ఎ-గణేశ్.

పేరు ఎవరిది?

ఖోబ్రాగడే గారు ఆ వెన్నులను ఏరిన నాటికి రైతు కనుగొన్న రకమును రైతు పేరున నమోదు చేయుటకు దేశములో చట్టము లేదు. విత్తనము చేతులు మారినకొలది ఎవరు కనుగొనినదో మరుగునపడినది. పేరు కూడ గడియారమునకు పోయెను.

నేడట్లు కాదు. 2001లో పార్లమెంటు మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము చేసినది. దాని ప్రకారము రైతు తీసిన రకమును కూడ విశ్వవిద్యాలయపు రకమువలెనే, విత్తన కంపెనీ రకమువలెనే ఢిల్లీలోని ప్రాధికార సంస్థ యందు నమోదు చేసికొనవచ్చును. రైతుకు రుసుము లేదు. వరి వంటి పైరులకు 15 ఏండ్లు, చెట్లకు, ద్రాక్ష వంటి తీగెలకు 18 ఏండ్లు హక్కు నిలుచును. దరఖాస్తునకు మూడు ఋజువులు కావలెను. మీ రకము ఇతర రకముల కన్న వేరుగ ఉండవలెను, మొక్కలన్నియు ఒకే తీరుగ ఉండవలెను, తరము మారినను గుణము మారరాదు. పైన చెప్పిన వరుసలు, పోలిక మడులు ఎందుకో ఇప్పుడు తెలిసినది గదా!

రైతు దరఖాస్తును జిల్లా వ్యవసాయాధికారి గాని, వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా సంచాలకులు గాని, పంచాయతీ జీవవైవిధ్య సంఘమువారు గాని ధ్రువపరచవలెను. గ్రామాధికారులకు నా మనవి ఇది. ఒక రైతు పొట్లము పట్టుకొని మీ వద్దకు వచ్చినచో నవ్వి పంపవలదు. ఆ దినమే పొలమునకు పోయి చూచి, తేదీ వేసి, రెండు వాక్యములు వ్రాసి సంతకము పెట్టుడు. పది ఏండ్ల తరువాత వివాదము వచ్చిననాడు ఆ కాగితమొక్కటే మాటలాడును.

రైతులు కూడ ఋజువు లేకుండ గింజ బయటికి ఈయరాదు. పొరుగువానికి ఒక శేరు ఇచ్చినను ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇచ్చితిరో వ్రాసి ఉంచుడు. అందువలన స్నేహము చెడదు. పరిశోధనా స్థానమువారికి పరీక్షకు ఇచ్చునపుడు రసీదు అడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలసినది లేదు. మంచి ఉద్యోగి తానే వ్రాసి ఇచ్చును.

సార్వా పైరు ఈనుటకు ఇంకను దినములున్నవి. ఇంటిలో పాత చీర ఉన్నచో ఎర్ర అంచు చించి జానెడు పేలికలు ఒక పది సిద్ధము చేసి, ఈనిక మొదలైననాడు మడిలోనికి దిగువారి కొంగున ముడివేసి పంపుడు. పంట పండు నాటికి ఆ పదింటిలో తొమ్మిది పొరుగు రకములని తేలును. వానిని పెరికివేసి పేలికలు విప్పి దాచుడు, దాళ్వాకు పనికివచ్చును.